సిరా పెట్టని పేర్లు

చెన్నకేశవులు మాట తక్కువ మనిషి. సాకేత్‌లో మాల్స్ వెనక సందులో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరి మూడేళ్ళయినా, అతని గొంతు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు అదే అంతస్తులో ఉన్నారు. ప్రొద్దుటూరు పక్కన చిన్న ఊళ్ళో పదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత ఎలాగో ఇంజినీరింగు గట్టెక్కి, ఢిల్లీలో తేలాడు. మాట్లాడడు గాని చూస్తాడు. ఎవరి కుర్చీ ఏ పక్కకి ఒరుగుతుందో, క్యాంటీన్ భయ్యా విసుగ్గా ఉన్నరోజు టీ గ్లాసు ఎలా పెడతాడో అతన్నడిగితే చెప్పగలడు. ఎవరూ అడగరు కాబట్టి చెప్పడు.

మూడేళ్ళూ ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి సరిచేసే పనే చేశాడు. 2009 అక్టోబరులో మొట్టమొదటిసారి ఒక స్క్రీన్ మొత్తం అతని చేతికి వచ్చింది. ఫరీదాబాద్‌లో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ ఉంది. ఫ్యాక్టరీ కార్మికులనీ, గ్రేటర్ నోయిడా కాలేజీ పిల్లలనీ తిప్పుతుంది. రేపు ఏ బస్సు మీద ఏ డ్రైవరు వెళ్ళాలో ఆ డిపోలో పెద్ద రిజిస్టరులో రాస్తారు. దానికి బదులు కంప్యూటర్లో వేస్తే, ఆ డ్రైవరు ఫోనుకు మెసేజ్ వెళ్ళిపోవాలి. అదీ పని.

ఆ ఆఫీసులో స్క్రీన్లన్నీ ఒకే పద్ధతిలో కట్టేవాళ్ళు. ఆ పద్ధతి పెట్టింది ఛాయాదేవి. రాజమండ్రి ఆవిడ. భర్త కృషి భవన్‌లో ఆఫీసరు, ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో కాపురం. నలభై రెండేళ్ళుంటాయి. ప్రతి స్క్రీన్‌నీ ఆవిడ మూడు ముక్కలు చేయించేది. సమాచారం దాచుకునేది మోడల్. కంటికి కనిపించేది వ్యూ. ఈ రెంటి మధ్య కూర్చుని ఏం చేయాలో తేల్చేది ప్రెజెంటర్. ప్రెజెంటర్‌కి స్క్రీన్ మీద బటన్ ఉందో, జాబితా ఉందో తెలియకూడదు. అది వ్యూతో మాట్లాడాలంటే ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉండాలి. దాన్నే ఇంటర్‌ఫేస్ అనేవాళ్ళు. అందులో రాసిన మాటలు తప్ప ఇంకో మాట ఇద్దరూ ఆడకూడదు.

స్క్రీన్ మీద వాడే చిన్న చిన్న పరికరాలన్నిటికీ, అంటే పేరు రాసే గడికీ, కిందికి జారే జాబితాకీ, తేదీ ఎంచుకునే క్యాలెండరుకీ కలిపి ఛాయాదేవి మూడే మూడు వరుసల ఇంటర్‌ఫేస్ రాసింది. నీ విలువ చెప్పు. ఈ విలువ తీసుకో. విలువ మారితే కబురు పెట్టు. అంతే. గడి అయినా జాబితా అయినా ఆ మూడు వరుసలకే కట్టుబడాలి. ఒకసారి ఒక క్లయింటు ఇంకో రెండు రోజుల్లో ఇవ్వాలనగా జాబితాలు వద్దు, క్యాలెండర్లు కావాలన్నాడు. ఒక్క మధ్యాహ్నంలో మార్చేశారు. ప్రెజెంటర్లలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

చెన్నకేశవులు ఆ మూడు వరుసలు మొదటిసారి చదివిన రోజు లంచికి వెళ్ళడం మరిచిపోయాడు. వాళ్ళ ఊళ్ళో సున్నం చుక్క లేకుండా బండ మీద బండ ఒదిగించి గోడ కట్టేవాళ్ళున్నారు. ఆ గోడలో చాకు మొన కూడా దూరదు. ఇన్నాళ్ళకి ఆఫీసులో అలాంటి పని చూశాడు. ఆ వరుసలు ప్రింటు తీసి తన మానిటర్ పక్కన అంటించుకున్నాడు. ఆవిడతో మాత్రం ఆ సంగతి అనలేదు.

ఆవిడ పని తనిఖీ చేసే తీరు కూడా అతనికి నచ్చేది. ఎవరు ఇంటర్‌ఫేస్ రాసుకొచ్చినా స్క్రీన్ చూడదు. కుర్చీ గోడవైపు తిప్పుకుని, చదవమంటుంది. మధ్యలో ఎక్కడైనా "బటన్" అనో "ఎర్ర రంగు" అనో వినబడితే చెయ్యి ఎత్తుతుంది. "ప్రెజెంటర్‌కి కళ్ళు లేవయ్యా. చెవులతో ఏం వింటుందో అదే దానికి లోకం" అంటుంది. చెన్నకేశవులు తన డిపో స్క్రీన్‌కి, అంటే డ్యూటీ పట్టికకి, రాసింది చదివినప్పుడు ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా లేవలేదు. ఎడమవైపు బస్సులు, పైన షిఫ్టులు, ప్రతి గడిలోనూ డ్రైవర్ల పేర్ల జాబితా. పేరు మారగానే గడి కబురు పెడుతుంది, ప్రెజెంటర్ సర్వర్‌కి చెబుతుంది, సర్వర్ మెసేజ్ పంపుతుంది.

సోమవారం డిపోలో దాన్ని పెట్టొచ్చారు. మంగళవారం తెల్లవారకముందే, నాలుగూ నలభై ఫ్యాక్టరీ బస్సు దగ్గర అయిదుగురు డ్రైవర్లు నిలబడ్డారు. పక్క బస్సుకి ఒక్కరూ లేరు. అయిదుగురి ఫోన్లలోనూ అదే బస్సు, అదే టైము. తమాషా కాదు, ఒకరి చొక్కా చినిగింది.

ప్రాజెక్టు మేనేజరు నవదీప్ గుర్‌గావ్ కుర్రాడు, చురుకైనవాడు, ఎప్పుడూ హిందీలోనే తొందరపెడతాడు. డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తా, డ్యూటీ బాబు, ఒకే గడిలో పేరు మీద పేరు మార్చి చూశాడనీ, మార్చిన ప్రతిసారీ మెసేజ్ పోయిందనీ కంప్యూటరు జరిగిందంతా రాసిపెట్టుకునే లాగ్‌లో చూసి కనిపెట్టాడు. పట్టిక కింద ఒక సేవ్ బటన్ పెట్టమన్నాడు. అది నొక్కితేనే మెసేజ్‌లు పోవాలి. చెన్నకేశవులు బుధవారానికల్లా పెట్టాడు. గురువారం తెల్లవారుజామున ఈసారి పదకొండు బస్సుల దగ్గర గొడవ జరిగింది.

డిపో మేనేజరు తోమర్ ఫోనులో అరవలేదు. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటిదాకా చూస్తాననీ, ఆ తర్వాత వచ్చి కంప్యూటరు పట్టుకుపొమ్మనీ మాత్రం చెప్పాడు. నవదీప్ ఫోను పెట్టేసి చెన్నకేశవులు వైపు తిరిగాడు. పట్టిక డిపోలో నిలబడకపోతే తిరిగి తప్పులు దిద్దే టీముకే పొమ్మన్నాడు. ఇంకో స్క్రీన్ కోసం అడగొద్దన్నాడు. చెన్నకేశవులు తల ఊపాడు. తప్పు తన ప్రెజెంటర్‌లోనే ఎక్కడో ఉందని అతనూ అనుకున్నాడు. రెండుసార్లు మొదటినుంచి చివరిదాకా చదివాడు, దొరకలేదు. ఇక చదివి లాభం లేదని, డిపోకే వెళ్ళి చూద్దామని బదర్‌పూర్ బస్సెక్కాడు.

డ్యూటీ బాబు పేరు మాణిక్యం. విజయనగరం దగ్గరి మనిషి. సైన్యంలో లారీ నడిపి, రిటైరయ్యాక ఫరీదాబాద్‌లోనే ఉండిపోయాడు. అయిదడుగుల మనిషి, కిటికీ పక్కన ఎత్తు కుర్చీ. కంప్యూటరు మీద గుడ్డ కప్పి, మళ్ళీ రిజిస్టరు తెరిచాడు. చెన్నకేశవులు తనెవరో చెప్పుకుంటే ముందు తెలుగు విని సంబరపడ్డాడు. ఏ ఊరో, ఎవరి పిల్లవాడో, ఢిల్లీలో అన్నం ఎక్కడ తింటున్నాడో అడిగాక అసలు మాటకొచ్చాడు.

"మీ పెట్టె మంచిదే బాబూ. దానికి ఆత్రం ఎక్కువ" అన్నాడు.

"సేవ్ ఎందుకు నొక్కినారు సార్?"

"టీకి లేస్తూ రిజిస్టరు మూస్తాను కదా. అలాగే నొక్కినాను. రాసిందంతా పోద్దేమో అని."

చెన్నకేశవులు మూలన స్టూలు మీద కూర్చుని మూడు గంటలు చూశాడు.

మాణిక్యం చెవి మీద పెన్సిల్ ఉంది, జేబులో సిరా పెన్ను ఉంది. రిజిస్టరులో ముందు పెన్సిల్‌తో, ఉందా లేదా అన్నట్టు పేర్లు వేసుకుంటూ పోయాడు. ఒక పేరు వేసి, గోడ మీద సెలవుల కాగితం చూసి, రబ్బరుతో చెరిపి, ఇంకో పేరు వేశాడు. మళ్ళీ చెరిపాడు. ఉదయం ట్రిప్పులు ముగించుకుని డ్రైవర్లు ఒక్కొక్కరే కిటికీ దగ్గరికి వస్తున్నారు. ఓంవీర్ అనే అతను వచ్చాడు. మాణిక్యం డ్యూటీ మాట ఎత్తలేదు. కొడుక్కి జ్వరం తగ్గిందా అన్నాడు, రాత్రి పడుకున్నావా అన్నాడు. అతని కళ్ళలోకి చూశాడు. అప్పుడు రేపు నాలుగూ నలభై బస్సు తీస్తావా అని అడిగాడు. ఓంవీర్ ఠీక్ హై బాబూజీ అన్నాక, అతను చూస్తుండగానే జేబులోంచి పెన్ను తీసి, పెన్సిల్ గీతల మీదే సిరాతో దిద్దాడు. తర్వాత వచ్చినవాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాణిక్యం అతని పేరు చెరిపేసి, ఇంటికెళ్ళి పడుకోమన్నాడు.

మధ్యాహ్నానికి ఆ పేజీ చూస్తే కొన్ని పేర్లు నల్లగా, కొన్ని పేర్లు మసగ్గా ఉన్నాయి. చూస్తున్నకొద్దీ మసక పేర్లు ఒక్కొక్కటే నల్లబడుతున్నాయి. నలభై రెండు బస్సులు, డెబ్బయి మంది మనుషులు ఆ కాగితం మీద నెమ్మదిగా ఒక కొలిక్కి వస్తున్నారు. ఇంత శుభ్రమైన పని తను ఎన్నడూ చూడలేదనిపించింది చెన్నకేశవులుకి. లేచి వెళ్తూ ఒక్క ప్రశ్న అడిగాడు. డ్రైవరు రాకముందే తేలిపోయిన పేరుకి ముందే సిరా పెట్టేయొచ్చు కదా అని.

మాణిక్యం పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. "ఎదుట లేని మనిషి పేరు మీద నేను సిరా పెట్టను బాబూ. ఒక్కసారి పెట్టినాను. ఆ సంగతి ఇప్పుడొద్దు."

తిరుగు బస్సు బదర్‌పూర్ దగ్గర ఫ్లైఓవరు పనుల్లో చిక్కుకుని గంటన్నర కదల్లేదు. చెన్నకేశవులుకి అదీ మంచిదే అయింది. తప్పు ఎక్కడుందో అతనికి తెలిసిపోయింది. తెలిసినందుకు సంతోషించలేకపోయాడు. అది తన మానిటర్ పక్కన అంటించుకున్న కాగితంలోనే ఉంది. ఆ కాగితం మీద ఆఫీసులో నలభై స్క్రీన్లు నిలబడి ఉన్నాయి. అది రాసినావిడకి ఇందులో తప్పుందని చెప్పాలి. చెప్పకపోతే పట్టిక పోతుంది. ఎప్పుడూ నోరు తెరవని తను ఆ మాట చెప్పేది ఎట్లా అని ఆలోచిస్తూ ఓఖ్లా దాటాడు.

ఆఫీసుకి చేరేసరికి ఛాయాదేవి లంచి డబ్బాలు సంచిలో సర్దుకుంటోంది. చెన్నకేశవులు కాగితం ఊడబీకి తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాడు.

"మేడమ్, తప్పు నా ప్రెజెంటర్‌లో లేదు."

"మరెక్కడుంది కేశవులూ?"

"దీంట్లో." వేలు మూడో వరుస మీద పెట్టాడు. విలువ మారితే కబురు పెట్టు. "ఆయప్ప, ఆ డ్యూటీ బాబు, పెన్సిల్‌తో రాసినా గడి మారిందనే చెప్తాది. సిరా పెట్టినా మారిందనే చెప్తాది. వినేదానికి తేడా ఎట్ల తెలుస్తాది మేడమ్?"

ఆవిడకి అర్థం కాలేదు. పెన్సిల్ ఏమిటి, సిరా ఏమిటని అడిగింది. చెన్నకేశవులు చెప్పడం మొదలుపెట్టాడు. కిటికీ దగ్గర్నుంచి ఓంవీర్ కొడుకు జ్వరం దాకా అన్నీ చెప్పాడు. మూడేళ్ళలో అతను అన్ని మాటలు ఒక్కచోట అనడం అదే మొదటిసారి. ఛాయాదేవి కళ్ళజోడు తీసి, ఆ మూడు వరుసలూ ఎవరో వేరే మనిషి రాసినవి చదివినట్టు పైకి చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆవిడకి కోపమొచ్చిందేమోనని చెన్నకేశవులు తన చెప్పుల వైపు చూశాడు.

"ఈ పెన్సిల్ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. చూసినా."

"రేపు పొద్దున్న ఎన్నింటికి బస్సు?" అంది ఆవిడ.

ఆఫీసు కారు వద్దంది. శుక్రవారం అదే బస్సులో, కిటికీ పక్క సీటు చెన్నకేశవులుకిచ్చి, ఫరీదాబాద్ వచ్చింది. మాణిక్యానికి నమస్కారం పెట్టి, తను రాసిన పద్ధతి వల్లే ఈ గొడవంతా జరిగిందనీ, పని చూసి నేర్చుకోవడానికి వచ్చాననీ చెప్పింది. మాణిక్యం కంగారుపడి కుర్చీ తుడిచాడు. రెండు గంటలు ఆవిడ నోట్‌బుక్ తెరవలేదు. చివర్లో ఒకటే అడిగింది. సిరా పెట్టాక డ్రైవరు రాలేనంటే ఏం చేస్తారని. సిరా పేరు చెరపననీ, అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన కొత్త పేరు మళ్ళీ పెన్సిల్‌తో మొదలుపెడతాననీ మాణిక్యం చెప్పాడు. కొట్టేసిన పేరు కూడా కనబడాలి కదమ్మా అన్నాడు. ఛాయాదేవి తల ఊపిన తీరు చెన్నకేశవులుకి బాగా గుర్తుండిపోయింది. పెద్ద విద్వాంసుడి దగ్గర శిష్యులు అలా తల ఊపుతారు.

మధ్యాహ్నం మీటింగులో నవదీప్ బోర్డు మీద తప్పుల జాబితా రాసి, పక్కన చెన్నకేశవులు పేరు పెట్టాడు. ఛాయాదేవి లేచి ఆ పేరు తుడిచి తన పేరు రాసింది. నిలబడే చెప్పింది, కొంత హిందీలో, కొంత ఇంగ్లీషులో. ఇంటర్‌ఫేస్ తనదనీ, తప్పు తనదనీ, చెన్నకేశవులు చెప్పేదాకా తనకి కనబడలేదనీ. నవదీప్ ఇబ్బందిపడ్డాడు. ఉన్న ఇంటర్‌ఫేస్‌కే ఒక గుర్తు తగిలిస్తే సరిపోతుంది కదా, విలువతోపాటు అవునా కాదా అని పంపిస్తే చాలు కదా అన్నాడు. అది తేలికే. అందరూ అటే మొగ్గారు.

ఛాయాదేవి చెన్నకేశవులు వైపు తిరిగి తెలుగులో అంది. "గడికి ఏం జరిగిందో రాశాం కేశవులూ. ఆ మనిషి ఏం చేశాడో రాయలేదు." తర్వాత నవదీప్‌కి హిందీలో అదే మాట చెప్పింది. పేరు, ఊరు రాసే మామూలు గడులకి పాత మూడు వరుసలు ఉంటాయి. డ్యూటీ పట్టికకి మాత్రం దానిదైన ఒప్పందం కావాలి. అందులో డ్యూటీ బాబు చేసే పనులే ఉండాలి.

అక్కడే కాగితం మీద రాసింది. వ్యూ ప్రెజెంటర్‌కి ఏం చెప్పాలంటే: పెన్సిల్‌తో రాశాడు. చెరిపాడు. సిరా పెట్టాడు. గీత కొట్టాడు. ప్రెజెంటర్ వ్యూకి ఏం చెప్పాలంటే: ఈ పేరు మసగ్గా చూపించు, ఈ పేరు నల్లగా చూపించు, ఈ పేరు మీద గీత చూపించు. నవదీప్ నవ్వాడు, ప్రోగ్రాములో పెన్సిళ్ళూ సిరాబుడ్లూ ఏమిటి దీదీ, స్కూలు పెడుతున్నారా అని. ఉండనీ, రేపు ఎవరు చదివినా డిపో కనబడుతుంది అందావిడ. చివర ఇంకో వరుస కూడా చేర్చింది: అన్నిటికీ సిరా పెట్టాడు. పొద్దుపోయినప్పుడు ఒక్క నొక్కుతో అయిపోతుందని.

పెన్ను చెన్నకేశవులు ముందుకి జరిపింది. అతను కాగితం చదివాడు. పెన్ను తీసుకున్నాడు. తర్వాత ఆ చివరి వరుస కొట్టేశాడు.

"అందరూ ఒకేపారి కిటికీ కాడికి రారు మేడమ్" అన్నాడు.

ఛాయాదేవి గట్టిగా నవ్వింది. కుర్చీ గోడవైపు తిప్పుకుని, ఇక చదవమంది. అతను చదివాడు. వింటుంటే కాగితం లేదు, స్క్రీన్ లేదు. ఎత్తు కుర్చీలో మాణిక్యం పెన్సిల్‌తో ఒక పేరు రాస్తున్నాడు, చెరుపుతున్నాడు. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉంది.

శని, ఆదివారాలు పని చేశారు. స్క్రీన్ తయారుకాకముందే, ప్రెజెంటర్‌కి ఒక ఉత్తుత్తి వ్యూ తగిలించి పరీక్షలు పెట్టారు. ఆ ఉత్తుత్తి వ్యూకి రూపం లేదు, పెన్సిల్‌తో రాశాడు అని మాత్రం చెప్పగలదు. చెప్పింది. మెసేజ్ పోలేదు. చెరిపాడు అంది. పోలేదు. సిరా పెట్టాడు అంది. ఒకే ఒక్క మెసేజ్ పోయింది. అలాంటివి ముప్ఫై ఒక్క పరీక్షలు. బ్రౌజరు తెరవకుండానే డిపో మొత్తం అక్కడ నడుస్తుంటే చెన్నకేశవులు చేతులు కట్టుకుని నిలబడి చూశాడు. ఆదివారం సాయంత్రానికి పైన స్క్రీన్ కట్టాడు. జాబితాలో పేరు ఎంచుకుంటే బూడిదరంగులో పడుతుంది. పేరు పక్కనున్న చిన్న గడి నొక్కితే నల్లబడుతుంది. మధ్యలో టీకి లేచినా, మరిచిపోయినా, బూడిదరంగు పేరు ఎవరికీ పోదు, ఎక్కడికీ పోదు. రాసింది రాసినట్టు దానంతటదే దాచి ఉంటుంది.

సోమవారం తొమ్మిదికల్లా ముగ్గురూ డిపోలో ఉన్నారు. తోమర్ తలుపు దగ్గర నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. నవదీప్ ఫోనులో ఎవరికో సర్దిచెబుతున్నాడు. మాణిక్యం రిజిస్టరు మూయలేదు. పక్కనే తెరిచి పెట్టుకుని, కంప్యూటరు మీది గుడ్డ తీశాడు. చాలాసేపు పేర్లు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. ఒక్క ఫోనూ మోగలేదు. పదిన్నరకి ఓంవీర్ కిటికీ దగ్గరికి వచ్చాడు. మాణిక్యం మామూలుగానే ఇంటి సంగతులు అడిగాడు, కళ్ళలోకి చూశాడు, రేపటి బస్సు మాట అడిగాడు. అతను సరేనన్నాక, చిన్న గడి మీదికి బాణం జరిపి నొక్కాడు. పేరు నల్లబడింది. కిటికీ అవతల ఓంవీర్ జేబులో ఫోను మోగింది. తీసి చదువుకున్నాడు. సరే బాబూజీ అని, టీ కొట్టు వైపు వెళ్ళిపోయాడు.

ఇంకో ఆరుగురు వచ్చారు. ఆరుగురి జేబులూ అలాగే మోగాయి. మాణిక్యం రిజిస్టరులో పెన్సిల్ పెట్టడం ఎప్పుడు మానేశాడో అతనికే తెలియలేదు. పదకొండున్నరకి తోమర్ లోపలికి వచ్చి అడిగాడు, ఉంచాలా తీసేయాలా అని.

"ఉండనీయండి సాబ్. ఇప్పుడు కుదురుగా ఉంది" అన్నాడు మాణిక్యం, తల తిప్పకుండా.

తోమర్ నవదీప్‌తో చెయ్యి కలిపాడు. ఇద్దరూ మిగతా డిపోల గురించి మాట్లాడుకుంటూ బయటికి నడిచారు. చెన్నకేశవులు స్క్రీన్ మీద నల్లబడిన ఏడు పేర్లూ లెక్కపెట్టుకున్నాడు. ఛాయాదేవి కూడా సంతోషంగా ఉంటుందని ఆవిడ వైపు చూశాడు. ఆవిడ స్క్రీన్ చూడటం లేదు. ఎవరినీ చూడటం లేదు. మౌస్ మీద ఉన్న మాణిక్యం చేతిని చూస్తోంది. ఎన్నో ఏళ్ళు లారీ స్టీరింగు పట్టిన చెయ్యి అది, వేళ్ళు మొద్దుగా ఉన్నాయి.

"కేశవులూ" అంది మెల్లగా, "ఆ సిరా గడి చిన్నదయిందయ్యా. ఆయన నొక్కు రెండుసార్లు పక్కకి పోయింది."

"మూడుసార్లు మేడమ్" అన్నాడు చెన్నకేశవులు.